వీపు మీద పేరు

ముఠా కూలీల వీపులు ఊరికే ఖాళీగా తిరుగుతున్నాయన్న ఆలోచన మొదట వచ్చింది భావనకే.

గురజాలలో దాచేపల్లి రోడ్డు మీద వాళ్ళ సిమెంటు కొట్టు. తల్లి పేరు మీద వెంకాయమ్మ ట్రేడర్స్ అని పెట్టారు. ఫ్యాక్టరీ లోడు రాగానే బస్తాలు దించి గోడౌన్లో పేర్చేదీ, మళ్ళీ ట్రాక్టర్లకెత్తి ఇళ్ళు కట్టుకునేవాళ్ళ గుమ్మాల్లో దించి వచ్చేదీ ముఠావాళ్ళే. చుట్టుపక్కల వాళ్ళు అడుగుపెట్టని పల్లె లేదు.

"గోడల మీద రాయిస్తే ఎలక్షన్లొచ్చినప్పుడల్లా సున్నం కొట్టిపారేస్తన్నారు. మనిషి వీపు మీద రాస్తే ఎవడు చెరుపుతాడన్నయ్యా?" అంది ఒకరోజు ప్రభుతో.

ప్రభుకి కొట్టు సంగతులు పెద్దగా పట్టవు. తెల్లచొక్కా తొడుక్కుని నాయకుల కార్ల వెనకాల తిరగడం, పంచాయితీలు చెప్పడం అతని పని. అందుకే లైసెన్సూ, పన్నుల నంబరూ, బ్యాంకు ఖాతా అన్నీ భావన పేరు మీదే ఉన్నాయి. ఆమె భర్త దాచేపల్లి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ, అత్తగారింటి విషయాల్లో నోరు మెదపకుండా ఉండే మనిషి. కొట్టు పొద్దున తెరిచేదీ, రాత్రి మూసేదీ ఆమే.

టైలర్ అక్రం దగ్గర వంకాయ రంగు చొక్కాలు కుట్టించింది. వీపు నిండా తెల్లటి అక్షరాల్లో కొట్టు పేరు, దాని కింద ఫోన్ నంబరు. ముఠామేస్త్రి వీరయ్య మొదట సిగ్గుపడ్డాడుగానీ, తొడుక్కున్నాక కొట్టు అద్దంలో వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నాడు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఆమే తన చేత్తో ఇచ్చింది. కొన్నాళ్ళకి ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు రావడం మొదలైంది. "మీ మనిషి వీపు మీద నంబరు చూసి చేస్తన్నానమ్మా" అని ఎవరైనా అంటే ఆ రోజంతా భావనకి ఆకలి తెలిసేది కాదు.

ఆ సంతోషం పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చేదాకానే.

నరసరావుపేటలో ఆఫీసరు నడివయసు మనిషి. మాటలో తడి లేదు. భావన పక్కన వాళ్ళ పన్నుల పని చూసే సాదిక్ కూర్చున్నాడు. టేబుల్ మీద వంకాయ రంగు చొక్కా పరిచి ఉంది.

"ఇది ప్రకటనా, బట్టా?" అంది ఆఫీసరు.

"రెండూనండీ."

"కూలీలకి బట్టలు పెట్టి దాన్ని ప్రకటనల ఖర్చులో రాసుకున్నారు. రేపు వాళ్ళకి బిర్యానీ పెట్టి, పొట్లం మీద మీ పేరుంది, అది కూడా ప్రకటనే అంటారా?"

"బిర్యానీ తింటే అయిపోద్ది మేడం. ఇది ఊళ్ళు తిరుగుద్ది. జనం చదువుతారు. నాకు ఫోన్లొస్తన్నయ్."

ఆఫీసరు ఆ మాట వినిపించుకున్నట్టు లేదు. ఇంకో కాగితం తీసింది. "ఇవేంటి? లినెన్ చొక్కాలు. సిల్కు పంచెలు. షేర్వాణీ. ఇవి కూడా బస్తాలు మోసేవాళ్ళకేనా?"

భావన సాదిక్ వైపు చూసింది. సాదిక్ తల వంచుకున్నాడు. ఆ బిల్లులు ప్రభు తెచ్చి ఇచ్చినవని, ఆమెకి తెలిసే ఇచ్చాడనుకున్నానని అతను తర్వాత చెప్పాడు.

"షేర్వాణీ మీద మీ కొట్టు పేరు ఎక్కడుంది?"

"లోపలి జేబు మీద కుట్టించారండి" అన్నాడు సాదిక్ నెమ్మదిగా.

"లోపలి జేబులో ప్రకటన ఎవరు చదువుతారు? ఇస్త్రీ చేసేవాడా?"

గుమస్తా ఒకడు పక్క టేబుల్ దగ్గర కిసుక్కున నవ్వాడు. భావన వంకాయ రంగు చొక్కాని తన వైపు లాక్కుంది. "వాటితో నాకు సంబంధం లేదు మేడం, కొట్టేయండి. ఈ చొక్కాలు మాత్రం న్యాయంగా పెట్టిన ఖర్చు."

"న్యాయమో కాదో కాగితం చూసి చెబుతాను. వీటిని బజార్లో జనం ముందు తొడుక్కుని తిరిగారని రుజువు తీసుకురండి. ఫోటోలు తెండి, వీడియోలు తెండి. కొట్టు ముందు నిలబెట్టి తీసినవి మాత్రం తేవద్దు. మీలాంటివాళ్ళని రోజూ చూస్తుంటాను."

ఇంటికి రాగానే భావన అన్న మీద పడింది. ప్రభు తల్లి దగ్గరికి వచ్చి, అప్పుడే భోంచేసి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"నీ బామ్మర్ది పెళ్ళికి నువ్వు షేర్వాణీ కుట్టించుకుంటే నేను ప్రకటనని చెప్పుకోవాలా? నీ సిల్కు పంచెల్తో కలిపి నా చొక్కాల్ని కూడా దొంగ లెక్కలంటంది ఆవిడ."

"పేరు కుట్టించాగా. నేను నాలుగు చోట్ల తిరగబట్టే కదే కొట్టుకి పరపతి. ఆ మాటకొస్తే నీ ముఠావాళ్ళకన్నా పెద్ద బోర్డుని నేను."

"బోర్డయితే బయట నిలబడు. లోపలి జేబులో దాక్కున్న బోర్డు ఏ ఊళ్ళోనూ ఉండదు."

"నోరు చానా లేస్తంది" అన్నాడు ప్రభు. తల్లి వెంకాయమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది గానీ, చూసింది మాత్రం కూతురి వైపే.

ఆ తర్వాత వారంలోనే ఇంకో గొడవ జరిగింది.

గోడౌన్ పక్కన మీరా సాహెబ్ వెల్డింగ్ షెడ్డు. భావన చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉంది. నాగళ్ళూ, ట్రాలీలూ, గేట్లూ అతుకుతాడు. భావన అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. లారీ వెనక్కి తిప్పడానికి షెడ్డు అడ్డమొస్తుందని ప్రభు ఏడాదిగా గొడవ పడుతున్నాడు. స్థలం మాదే అన్నాడు. పంచాయతీ రసీదులు చూపించాడు మీరా సాహెబ్. అప్పటినుంచీ ప్రభు అతన్ని పేరు పెట్టి పిలవడం మానేసి "ఆ సాయిబు" అనడం మొదలుపెట్టాడు.

మిట్టమధ్యాహ్నం. లోడు సగం దిగింది. సిమెంటు దుమ్ము ముక్కుల్లోకి పోకుండా ముఠావాళ్ళు అలవాటు ప్రకారం మొహాలకి తువ్వాళ్ళు కట్టుకుని ఉన్నారు. ప్రభు బండి మీద వచ్చి వీరయ్యతో ఏదో చెప్పాడు. వీరయ్య బుర్ర గోక్కున్నాడు. ప్రభు గొంతు పెంచాడు. అందరూ బస్తాలు వదిలేసి అతని వెనక నడిచారు.

"లోడు మధ్యలో యాడికి తీసుకుపోతన్నావ్?" అని భావన కౌంటర్లోంచి అడిగింది.

"పనుంది. నువ్వు బిల్లులు రాసుకో."

కాసేపటికి రేకులు కూలిన చప్పుడు వినపడింది. భావన పరిగెత్తుకుని వెళ్ళేసరికి షెడ్డు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. మనుషులు గునపాలతో స్తంభాలు పెకలిస్తున్నారు. అడ్డం పడ్డ మీరా సాహెబ్ చేతి మీద ఇనపరాడ్డు దెబ్బ పడింది. అతను కేక పెట్టి మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ప్రభు రోడ్డుకి అవతల బండి మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు, ఆ గొడవ తనకేమీ పట్టనట్టు. మీరా సాహెబ్ కూతురు రషీదా ఇంటి గుమ్మంలో నిలబడి సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. ఏడుస్తూ కూడా చెయ్యి కదలనివ్వడం లేదు.

భావన వీరయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "ఆపండిరా" అంది. ఆపారు. అప్పటికే ఆపడానికి ఏమీ మిగల్లేదు.

మీరా సాహెబ్ చేతి ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు ఆస్పత్రిలో. రషీదా స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది. వీడియో చూసిన ఎస్సై పెదవి విరిచాడు. అన్నీ తువ్వాలు కట్టుకున్న మొహాలు. తిన్నగా కనపడేది వీపులే. ఆ వీపుల నిండా తెల్లటి అక్షరాలు.

మర్నాడు పొద్దున ప్రభు కొట్టు లెటర్‌హెడ్ మీద టైపు చేయించిన కాగితం తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. మా కొట్టు ఇలాంటి చొక్కాలు ఎన్నడూ కుట్టించలేదు, మా పేరు చెడగొట్టాలని గిట్టనివాళ్ళు మా పేరుతో కుట్టించుకుని ఈ పని చేశారు అని దాని సారాంశం.

"సంతకం పెట్టు. ఓనర్‌వి నువ్వేగా."

"పన్నులాఫీసులో మేమే కుట్టించామని చెప్పొచ్చాను."

"ఆ ఖర్చు వదిలేసుకో. పొరపాటున రాశాం, పన్ను కట్టేస్తామని చెప్పు. సాదిక్‌తో మాట్లాడా. కట్టేస్తే వాళ్ళు ఫైలు మూసేస్తారంట."

"నిన్న నీ బట్టల్ని నా లెక్కల్లో దూర్చావు. ఇయ్యాల నా చొక్కాలు నావి కాదనమంటన్నావు."

"ఏమే, మాటకి మాట కాదు ఇది. ఆ కాగితం ఇస్తే కేసు యాడికాడ ఆగిపోద్ది. ఇయ్యకపోతే నేను లోపలికి పోతా. పార్టీ టికెట్టు పోద్ది. అర్థమయిందా?"

భావన కాగితాన్ని పక్కకి జరిపి, కాటా మీద ఉన్న మేకులు తూచడం మొదలుపెట్టింది. ప్రభు కాటాని ఒక్క తోపు తోశాడు. మేకులు నేలంతా చెల్లాచెదురయ్యాయి. కొట్టులో ఉన్న బేరగాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని బయటికి నడిచారు.

సాయంత్రం రషీదా వచ్చింది. ఆమె ఎప్పుడూ భావనని అక్కా అనే పిలిచేది. ఆ రోజు అలా పిలవలేదు.

"మీ మనుషులు కాదంట కదా? మీ అన్న ఊరంతా చెబుతున్నాడు."

"నేనట్టా చెప్పలా."

"చెప్పకపోతే చాలా? మా నాన్న చెయ్యి ఇంక వెల్డింగ్ గన్ను పట్టుకోదన్నాడు డాక్టరు. ఆ గన్నుతోనే మమ్మల్ని చదివిచ్చాడు. మీ గోడౌన్ గేటు కూడా ఆయన చేసిందే." ఫోన్ తీసి ఏదో నొక్కింది. భావన ఫోన్ మోగింది. "వీడియో పంపిచ్చా. చూస్తారో తుడిచేస్తారో మీ ఇష్టం."

రషీదా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంట్లో తల్లి అన్నం ముందు కూర్చోబెట్టి మొదలుపెట్టింది. "సంతకం పెడితే నీ సొమ్మేం పోద్దే?"

"నీ పేరు వీపు మీద ఏసుకుని పోయి మీరా బాబాయ్ చెయ్యి ఇరగ్గొట్టారమ్మా."

"ఇరిగింది అతుక్కుంటది. నా కొడుకు జైలుకి పోతే ఆ మచ్చ పోద్దా? మీ నాయన ఉన్నప్పుడు ఈ ఊళ్ళో మన గడప తొక్కాలంటే భయపడేవాళ్ళు. ఇప్పుడు ఆడపిల్లవి నువ్వే పోలీసులకి తలుపు తీసి ఇస్తావా?"

"భయపడేవాళ్ళు అని నువ్వు గొప్పగా చెబుతున్నావు. కొట్టు పెట్టింది జనం రావడానికమ్మా."

వెంకాయమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

రెండోసారి నరసరావుపేటకి ప్రభు తన కార్లోనే తీసుకెళ్ళాడు. దారి పొడుగునా చెప్పిందే చెప్పాడు. "లోపలికి పోవడం, పొరపాటని చెప్పడం, సంతకం పెట్టడం. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడినా బాగోదు." భావన కిటికీలోంచి మిరప చేలు చూస్తూ కూర్చుంది. నోరు విప్పితే మధ్యలోనే దింపేస్తాడని తెలుసు. ఆఫీసుకి చేరడం ముఖ్యం.

సాదిక్ మెట్ల దగ్గరే కలిశాడు. "అమ్మా, వదులుకుంటే మీకు పోయేది కొద్దిగానే. కాదని పట్టుబడితే బట్టలన్నిటి మీదా ఆవిడ ఇంకా లోతుకి పోతుంది. నా సలహా అడిగితే..."

"అడగలేదు సాదిక్ గారూ" అంది భావన. అతను ఫైలు చంకలో పెట్టుకుని ముందు నడిచాడు.

ఆఫీసరు ఈసారి తలెత్తకుండానే అడిగింది. "రుజువులు తెచ్చారా?"

"వదిలేసుకుంటున్నామండీ. పొరపాటున జరిగింది" అన్నాడు ప్రభు.

"మీరెవరు?"

"ఆమె అన్నని."

"నేను ఆమెని అడిగాను."

భావన ఫోన్ తీసి వీడియో పెట్టి టేబుల్ మీద ఉంచింది. రేకులు కూలిన చప్పుడు గదినంతా నింపింది. ఆ వెనకే మీరా సాహెబ్ కేక. పక్క టేబుల్ గుమస్తా రాస్తున్న పెన్ను ఆపాడు. ప్రభు చెయ్యి చాచి ఫోన్ అందుకోబోయాడు.

"కూర్చోండి" అంది ఆఫీసరు. గొంతు పెంచలేదు గానీ ప్రభు కూర్చున్నాడు.

ఆమె వీడియో చివరిదాకా చూసింది. "ఇదా మీ రుజువు?"

"బజార్లో జనం ముందు తొడుక్కుని తిరిగారని రుజువు అడిగారు మేడం. ఇదే. కొట్టు ముందు నిలబెట్టి తీసింది కాదు. ఆ చొక్కాలు మా కొట్టువి. నేను కుట్టించి నా చేత్తో పంచినయ్. వాళ్ళు మా ముఠా. లోడు దింపతా ఉంటే మా అన్న ప్రభు వచ్చి తీసుకుపోయాడు. నా కళ్ళతో చూశాను."

"చివరి రెండు మాటలూ నాకు అవసరం లేదు. నాది పన్నుల పని."

"మీరడిగారు, నేను చెప్పాను. మొత్తం రాసుకోండి. సగం రాస్తే సంతకం పెట్టను."

ప్రభు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఒసేయ్, నీకు అన్న లేడనుకో ఇంక" అని తలుపు దఢాలున వేసి వెళ్ళిపోయాడు.

ఆఫీసరు గుమస్తాని పిలిచింది. తర్వాత మొత్తం టైపు చేయించింది. భావన రెండుసార్లు చదివి సంతకం పెట్టి నకలు అడిగింది. నకలు ఇస్తూ ఆఫీసరు, "కూలీల చొక్కాలు వ్యాపారం కోసం వాడినవేనని ఒప్పుకుంటాను. మీ అన్నగారి బట్టలకి పన్నూ, దాని మీద జరిమానా కట్టాలి" అంది. ఫైలు కట్టేస్తూ, "ఇలాంటి ప్రకటన చూసి ఎవరూ కొట్టుకి రారమ్మా" అంది.

"తెలుసండీ" అంది భావన.

కిందికి వచ్చేసరికి కారు లేదు. పిడుగురాళ్ళ మీదుగా బస్సులో వచ్చి, ఇంటికి పోకుండా తిన్నగా స్టేషన్‌కి వెళ్ళింది. ఎస్సై ఆ నకలు చదివి, "సొంత అన్నే కదమ్మా?" అన్నాడు. అవునంది. "మళ్ళీ మాట మార్చరుగా?" అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, వాంగ్మూలం ఇంకోసారి మొదటినుంచీ చెప్పింది.

వీరయ్యనీ మిగతావాళ్ళనీ పిలిపించారు. ఎవరు తీసుకెళ్ళారో వాళ్ళూ చెప్పక తప్పలేదు. ప్రభుని రిమాండుకి పంపారు. కొన్నాళ్ళకి బెయిలు మీద బయటికొస్తే అతని మనుషులు దండలేసి ఊరేగించారు. ఊరేగింపు కొట్టు ముందుకి రాగానే డప్పులవాళ్ళని ఆపి, అక్కడే చాలాసేపు కొట్టించారు. భావన షట్టర్ దించలేదు. కౌంటర్లో కూర్చునే ఉంది. ఆ రోజు బిల్లులు ముందేసుకుని లెక్క కూడుకుంది.

ముఠావాళ్ళ మీదా కేసు నడుస్తోంది. ఒకరోజు వీరయ్య వచ్చి వంకాయ రంగు చొక్కాలన్నీ కొట్టు మెట్ల మీద కుప్ప పోశాడు.

"అన్న పిలిస్తే పోయాం. కాదంటే పని పోద్ది. ఇప్పుడు నువ్వు చెప్పబట్టి కోర్టు చుట్టూ తిరగతన్నాం. పెద్దోళ్ళు పెద్దోళ్ళు బాగానే ఉంటారమ్మా. ఈ చొక్కా ఏసుకోమని ఇచ్చింది నువ్వు. మేం అడిగామా?"

"గునపం నేనివ్వలేదు వీరయ్యా."

"కూలి నువ్వే ఇచ్చావుగా" అన్నాడతను. ముఠా రోడ్డుకి ఎదురుగా ఉన్న సిమెంటు కొట్టుకి పోయింది. లోడ్లు దింపడానికి ఆమె మాచర్ల నుంచి మనుషుల్ని పిలిపించుకోవలసి వచ్చింది.

తల్లి పెట్టె సర్దుకుని కొడుకింటికి మారింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "బోర్డు మీద నా పేరు తీసెయ్. ఆ పేరుతో నువ్వు సంపాయించే కూడు నాకొద్దు" అంది. భావన పెయింటర్‌ని పిలిచి పాతపేరు చెరిపించింది. కొత్తపేరు ఏం రాయమంటారని అతనడిగితే, సిమెంటు ఇనుము అని మాత్రం రాయమంది.

మీరా సాహెబ్ ఇంటికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి ఆయనే తీశాడు. చేతికి కట్టుంది. "కూర్చోమ్మా" అనలేదు. "నువ్వు చెప్పాల్సింది చెప్పావు. దానికి నేను దండం పెట్టాలా?" అన్నాడు.

"వద్దు బాబాయ్. షెడ్డు సామాను నేనిస్తానని చెబుదామని వచ్చా."

లోపలి నుంచి రషీదా గొంతు వినపడింది. "మీ సామాను మాకొద్దు."

మీరా సాహెబ్ తలుపు మూశాడు. గట్టిగా వేయలేదు గానీ మూశాడు.

ఎండలు ముదిరేముందు షెడ్డు మళ్ళీ లేచింది. ఈసారి రేకులు కాదు, ఇటుక గోడ. ఎదురు కొట్టు ట్రాక్టరు వచ్చి సిమెంటు దింపింది. గోడౌన్ గేటు పక్కనే, భావన కళ్ళ ముందే దింపింది. దించినవాడు వీరయ్య. అతను ఒక్కసారి ఆమె వైపు చూసి, తువ్వాలు మొహానికి బిగించి కట్టుకున్నాడు. బస్తా మీద ఆమె అమ్మే కంపెనీ పేరే ఉంది. ఆమె దగ్గర కొంటే మోత కూలి కూడా అయ్యేది కాదు.

మర్నాడు పొద్దున భావన షట్టర్ తీయడానికి వచ్చేసరికి రషీదా పైపు పట్టుకుని కొత్త గోడ తడుపుతోంది. నీళ్ళు వాలుకి జారి కొట్టు మెట్ల ముందు మడుగు కట్టాయి. రషీదా అది చూసింది. పైపు తిప్పలేదు. భావన చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఆ నీళ్ళలోంచే నడిచి వెళ్ళి కొట్టు తెరిచింది.